అరవై కోళ్ళ మందు

1946 ఫిబ్రవరి 11, సోమవారం

బీర్కూరులో కోళ్ళకు కొక్కెర రోగం తగిలిందట. నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయట, గొంతులో గురక, మెడ వంకర తిరిగి రెండు రోజుల్లో పోతున్నాయట. కబురు తెచ్చింది నర్సవ్వే. ఇక్కడికి ఏ కబురైనా ఆమె వెంటే రావాలి. పొద్దున్నే కాలువ అవతలి కూలీల వాడ నుంచి వస్తుంది, నా దగ్గర గుడ్లు తీసుకుని బాన్సువాడ బజారుకు పోతుంది. పోయేముందు అరుగు మీద ఆకు నములుతూ అరగంట కూర్చుంటుంది. ఆ అరగంటే నా రోజు.

మావారు గుడివాడ నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్నారు. సరదాపడి తెల్ల లెగ్‌హారన్ కోళ్ళు తెప్పించారు. ఆయన మలేరియాతో పోయి మూడేళ్ళయింది. పొలం మరిది బసవయ్య చూసుకుంటాడు. కోళ్ళు నావి, నలభై.

ఫిబ్రవరి 13

బసవయ్య వచ్చాడు. నిజామాబాదు నుంచి పశువుల డాక్టరును పిలిపించాడట. కొత్త టీకా మందు ఉందట. గుడ్లు పెట్టే కోళ్ళకు వేస్తే కొన్నాళ్ళు గుడ్లు ఆగిపోతాయన్నాడు. ఆగితే ఆగనీ, అవి కూడా పోతే ఈ ఇంట్లో ఊపిరి తీసేది నేనొక్కదాన్నే అన్నాను. నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ఫిబ్రవరి 15, ఉదయం ఆరు

గూడు తలుపు ఇంకా తియ్యలేదు. నర్సవ్వ అప్పుడే వచ్చేసింది. పిలవకపోయినా వచ్చింది.

మధ్యాహ్నం

అయిపోయింది. డాక్టరు థర్మాస్‌లో ఐసు మధ్య నుంచి చిన్న గాజు మందుబుడ్డి, ఆంపూల్ తీశాడు. నీళ్ళు కలిపాక గంటలో వాడెయ్యాలట, తర్వాత పనికిరాదట. ఒక ఆంపూల్ వంద కోళ్ళకు వస్తుందట. నర్సవ్వ ఒక్కొక్క పెట్టనూ పట్టి రెక్క విప్పి పెట్టింది, ఆయన రెక్క చర్మంలో సూది గుచ్చాడు. నేను ఒక్కటీ పట్టలేదు. పలక మీద గీతలు మాత్రం పెట్టాను. నలభై కాగానే ఆయన మిగిలిన మందును మరిగే నీళ్ళలో పారబోశాడు. నర్సవ్వ అక్కడే నిలబడి చూసింది. చేతులు కడుక్కోమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మూడు వారాలు బయటివాళ్ళెవరూ రాకూడదని డాక్టరు రూల్. ముఖ్యంగా ఇంట్లో కోళ్ళున్నవాళ్ళు. నర్సవ్వను రావద్దన్నాను. సరేనంది. ఎంత తేలిగ్గా అనేశాను.

ఫిబ్రవరి 18

రెండు గుడ్లు. కోళ్ళన్నీ మూలకు చేరి ముడుచుకున్నాయి.

ఫిబ్రవరి 21

మొన్నటి నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. గొంతు పలుకుతోందో లేదో చూద్దామని అరుగు మీద కూర్చుని వారాల పేర్లు పైకి చదివాను. పలుకుతోంది.

ఫిబ్రవరి 26

బసవయ్య గేటు బయట నుంచే చెప్పాడు. కాలువ అవతల కూలీల వాడలో రోగం దిగిందట, ఒక్క కోడీ మిగల్లేదట. మనం అదృష్టవంతులం వదినా అన్నాడు.

అప్పుడు తట్టింది. వందలో నలభై పోతే అరవై. అరవై కోళ్ళ మందు.

నర్సవ్వకూ అక్కడ అయిదు పెట్టలుండేవి. ఏది గుడ్డు పెట్టిందో, ఏది పొదుగుకు కూర్చుందో రోజూ చెప్పేది. ఆమె ఇంట్లో ఉప్పు, కిరసనాయిలు వాటి మీదే. ఆమె వెళ్ళి వాటిని తెచ్చుకోవడానికి పావుగంట చాలు. మందు పారబోశాక కూడా డాక్టరు నా అరుగు మీద కాఫీ తాగుతూ కూర్చునే ఉన్నాడు. ఆమె నా నలభై కోళ్ళనూ పట్టింది. నేను గీతలు గీస్తూ కూర్చున్నాను.

కావాలని చేసింది కాదు. ఈ మాట రాసి మళ్ళీ చదివితే నాకే అసహ్యం వేస్తోంది. కావాలని చేసి ఉంటే కనీసం ఆమె గుర్తొచ్చినట్టన్నా ఉండేది.

మార్చి 2

నర్సవ్వ వచ్చింది. గేటుకు పది అడుగుల దూరంలో ఆగిపోయింది. గేటు తీయబోతే వద్దంది. వాళ్ళింట్లో రోగం ఉందట, ఆ కాళ్ళతో లోపలికి రాకూడదట. అయిదూ పోయాయట. నావి ఎట్లున్నాయని అడిగింది. బాగున్నాయని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ రోజు ఎందుకు అడగలేదు అన్నాను. కసిరినట్టే అన్నాను, తప్పు ఆమె మీదికి నెడితే నాకు కాస్త తేలికవుతుందేమోనని.

"అడిగితే మీరు కాదనేటోళ్ళు గాదమ్మా. గని మీరే అంటరేమో అని జెర సేపు నిలవడ్డ."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. కాలువ గట్టు మీద కనిపించినంతసేపు చూస్తూ నిలబడ్డాను.

మార్చి 8

గడువు అయిపోయింది. కోళ్ళు మళ్ళీ పెడుతున్నాయి. సూది పడిన కోడి రోగం వచ్చిన వాడలోనూ బతుకుతుందా అని బసవయ్య చేత డాక్టరును అడిగించాను. బతుకుతుందన్నాడట.

నర్సవ్వ రాలేదు.

మార్చి 10, ఉదయం ఏడు

అయిదు మంచి పెట్టల్ని గంప కింద మూసి పెట్టాను. చీర మార్చుకున్నాను. కాలువ దాటి నేనే వెళ్ళాలి.

ఆరేళ్ళుగా రోజూ నా అరుగు మీద కూర్చున్న మనిషి. ఆమె ఇల్లు ఏదో నాకు తెలియదు.