తోడల్లుడికి రావలసిన కారు, నాకు వచ్చిన గేరుబాక్సు బిల్లు

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వారంటీ గడువు తీరిన పిమ్మట చెడిపోయిన కారు గేరుబాక్సు మరమ్మతు బిల్లును, న్యాయముగా భరించవలసిన నా తోడల్లుడి పేరునకు మార్పించుట గురించి.

1. నేను కళ్ళజోళ్ళ దుకాణము నడుపుకొనువాడను. నా భార్య అక్కగారి భర్త పళ్ళ డాక్టరు. ఒకే షోరూములో ఒకే రకము తెల్ల కార్లు ఇద్దరమూ కొంటిమి. ముందు బుక్ చేసినది ఆయనే. అయితే ఆయన కారు వచ్చినదని తెలిసిన వెంటనే నేను పరుగున వెళ్ళి, సేల్స్ మేనేజరు గారికి ఒక మంచి చలువ కళ్ళజోడు బహూకరించి, సదరు కారును నా పేరున రాయించుకొంటిని. మామగారి గుమ్మం ముందు మొదట నా కారే ఆగవలెనన్నది నా ఉద్దేశము. ఇందులో నేరమేమియు లేదు. ఆయన మాత్రం "పోనీలే తమ్ముడూ, నాకు తర్వాతది వస్తుందిగా" అని నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.

2. వారంటీ ముగిసి నెల తిరగకముందే నా కారు నడికూడలిలో, పచ్చలైటు పడిన తరువాత, గేరు పడక నిలిచిపోయినది. నా భార్య నన్నడగకుండానే బావగారికి ఫోన్ చేసినది. ఆయన తన కారుకు తాడు కట్టి నా కారును వర్క్‌షాపు దాకా లాగిరి. దారి పొడవునా నా కళ్ళెదుట ఆయన నంబరు ప్లేటే.

3. గేరుబాక్సు మొత్తం మార్చవలెనన్నారు. ఖర్చు విని నాకు కళ్ళు బైర్లు కమ్మినవి. తయారీలోనే లోపమున్నదని మెకానిక్కు నోటితో ఒప్పుకొన్నాడు. ఆ మాటే కాగితం మీద పెట్టమంటే "వారంటీ అయిపోయింది కద సార్, రాస్తే ఏమొస్తుంది?" అన్నాడు.

4. తోడల్లుడి కారులో గేరు వెన్నలో కత్తి దిగినట్టు పడుచున్నది. నేను స్వయముగా అడిగి తీసుకుని, ఊరంతా తిప్పి పరీక్షించితిని. ఎక్కడా చిన్న చప్పుడైనా లేదు. కడుపు మండిపోయింది.

5. ప్రస్తుతము నా భార్యను బ్యాంకు ఉద్యోగమునకు రోజూ ఆయనే దింపుచున్నారు. ఇంటికొచ్చి ఏమంటుందో వినండి: "బావ బండిలో కూర్చున్నట్టే ఉండదండీ, అంత నెమ్మది. మీరూ ఉన్నారు, ముందువాణ్ణి దాటకపోతే అన్నం సహించదు!" ఆ కారులోంచి కూనిరాగం తీస్తూ దిగుతోంది. నా కారులో ఏనాడూ తీయలేదు. అయ్యా, నాకు కుళ్ళుగా ఉంది. దీనికి ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

కావున, ఈ కారు తొలుత నా తోడల్లుడికే కేటాయించబడినది గనుక, దాని జబ్బు కూడా ఆయనకే చెందును. మధ్యలో నేను తెచ్చుకున్నంత మాత్రాన గేరుబాక్సుకు ఆ సంగతి తెలియదు. బిల్లును ఆయన పేరునకు మార్పించి, ఆయన కారులో నా భార్య ప్రయాణము సాధ్యమైనంత త్వరగా ముగియునట్లు చూచి, నా కడుపుమంటను కూడా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనకబడిన చిన్నల్లుడు

తా.క.: కవరు అంటిస్తుండగా వీధిలో హారన్ మోగింది. నా కారు! బాగుచేయించి, కడిగించి, ఆయనే నడిపించుకొచ్చారు. బిల్లంతా కట్టేశారట. "దుకాణంలో బేరాలు సరిగా లేవని మరదలు చెప్పింది. మనలో మనకు లెక్కలేంటి తమ్ముడూ" అని నా భుజం తట్టారు. నా భార్య కళ్ళ నీళ్ళు పెట్టుకుని "చూశారా బావ మనసు!" అంది.

అయ్యా, పై అర్జీ రద్దు చేయండి. తయారీలో లోపం లేదు. బిల్లు న్యాయమైనదే, ఇంకాస్త ఎక్కువ వేసినా నాకు సమ్మతమే. ఆయన డబ్బు ఆయనకు తిప్పి ఇప్పించి, మొత్తం నా దగ్గరే వసూలు చేయించండి. అవసరమైతే దుకాణం తాకట్టు పెడతాను. రేపు మధ్యాహ్నం మామగారింట్లో అందరికీ భోజనాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈలోపే కానివ్వండి.