క్లచ్ మీద చెయ్యి

నిన్నటికి నువ్వు పోయి ఏడాది, బావా. మన సుజాత పెట్రోల్లో ఆయిల్ కలిపి, నీ పాత స్కూటర్ మీద నన్ను గిద్దలూరు తీసుకుపోయింది. తిరిగొస్తూ కంభం దాటాక ఎండకి ఇంజను పట్టేసింది. చక్రం బిగుసుకుని బండి జారింది. వెనకే లారీ. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి రోడ్డు పక్కన నిలబడి ఉన్నాం.

“క్లచ్ పట్టినాలేమ్మా, చక్రం వదిలింది,” అంది అది. “చిన్నప్పుడు ముందు నిలబెట్టుకొని, నాయన నా చేతి మీద చెయ్యేసి నొక్కేవాడు గదా. చెయ్యి దానంతటదే పోయింది.”

ఇంజను చల్లారాక ఇల్లు చేరాం. ఇవాళ వద్దన్నా వినకుండా ఒక్కతే మార్కాపురం బయల్దేరింది. వాకిట్లో నిలబడి ఆ టపటప శబ్దమే వింటున్నాను. మలుపు తిరిగాక వినపడలేదు. బండి దూరమైందో, ఆగిపోయిందో నువ్వైతే విని చెప్పేవాడివి. నాకు తెలియడం లేదు, బావా.