సూది బొక్కలు

మంగళవారం, కడప

ఈ రోజు నా మీద నాకే రోత పుట్టింది.

మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్రకు రెండు కొసలా మొనలుంటాయి. అవి గుచ్చుకున్న బొక్కలు అంచు వెంట కనిపిస్తే చేనేత అని జనం నమ్ముతారు. అందుకే పొద్దున్నే షాపులో పవర్‌లూమ్ చీరల అంచులకు నేనే సూదితో బొక్కలు పొడుస్తాను.

మధ్యాహ్నం వేంపల్లె నుంచి ఒక పెద్దామె వచ్చింది. అంచు తడిమి చూసింది.

"నిజంగా మగ్గం మీద నేసిందేనా సామీ?"

"నేను నేసేవాళ్ల ఇంట్లో పుట్టినోణ్ణమ్మా. నీకు అబద్ధం చెప్తానా?"

ఆమె మొహం విచ్చుకుంది. "అట్లైతే ఇంకేం సూసేది ఉండాది? కట్టియ్యి. సల్లగుండు నాయనా."

థూ. నేసేవాళ్ల ఇంట్లో పుట్టానన్నదొక్కటే రోజంతా నేనాడిన నిజం. అది కూడా అబద్ధాన్ని అమ్మడానికే.

ఇంటికొచ్చాను. చనిపోయిన నాయన అమ్మకోసం నేసిన చీరను బీరువాలోంచి తీసి, అంచు చూశాను. ఆయన మగ్గం వదిలిన బొక్కల మధ్య ఎంత ఎడముందో, పొద్దున నేను పొడిచిన వాటి మధ్యా సరిగ్గా అంతే. నేనెప్పుడూ కొలిచింది లేదు. చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని చూసిందే.

నాయన పనిలో నా చేతికి మిగిలింది ఇదొక్కటే...