మానిటర్‌లో కనబడని నీ చేను

అప్పన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. ఇవాళ గ్రామసభలో కొండమీది నీ రాగుల చేనుకి పోడు పట్టా మ్యాపు చూపించారు. చూపించారంటే, అది సర్వేయరు ల్యాప్‌టాప్‌లో ఉంది. మా కోసం తగిలించిన పెద్ద మానిటర్‌లో ఒట్టి నీలిరంగు. "నాకు కనబడుతోంది కదా, వేలిముద్ర వేసెయ్యమ్మా" అన్నాడు నీ భార్య కొండమ్మతో. మనకు కనబడని కాగితాల మీదే కదా ఇన్నాళ్లూ మన భూములు పోయాయి! నేనే లేచి కేబుల్ మార్చాను. లాభం లేదు. చివరికి సెట్టింగుల్లోకి వెళ్లి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా 'డూప్లికేట్' నొక్కితే మ్యాపు వచ్చింది.

కొండమ్మ దగ్గరికెళ్లి, వాగు గీత మీద వేలు పెట్టి చూసింది. "ఏటి బాబూ, గెడ్డకి ఇవతల గీసినావు? మా సోడి సేను అవతల కదేటి!"

ముద్ర వెయ్యలేదు. రేపు కొండెక్కి కొలుస్తారట. నువ్వు నడవక దారంతా తుప్పలు పెరిగాయి. కొండమ్మ నీ కత్తి నూరుతోంది.