మూడుసార్లు తాళం

చిన్నారికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, మీ అమ్మ క్షేమం. మీ అమ్మ కుడి మోకాలు మాత్రం ఈ లెక్కలోకి రానంటోంది. అక్కడ నువ్వూ, అల్లుడూ, నా మనవరాలూ కులాసాగా ఉన్నారని రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. పొద్దుటి నుంచీ కూర్చోవడం, లేవడం, కిటికీ దాకా వెళ్లడం, ఎదురు మేడలో ఎన్ని తలుపులకు తాళాలున్నాయో లెక్కపెట్టడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మీ అమ్మ చూసి చూసి, "రాస్తే రాయండి, లేకపోతే ఆ కుర్చీనైనా వదిలేయండి. దాని కాళ్లు ఊడిపోయేలా ఉన్నాయి" అంది. అందుకని ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. సులువైనవి ముందు.

కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక డాక్టరు కబుర్లలో పెట్టి, ఏం ఉద్యోగమండీ అని అడిగాడు. "ఇళ్లు లెక్కపెడతానండీ" అన్నాను. "అబ్బో, ఎన్నున్నాయేమిటి?" అన్నాడు. "నాకా? ఒక్కటీ లేదు" అన్నాను. మత్తు ఇంకా దిగలేదనుకున్నాడు కాబోలు, ఇంకో గంట పడుకోబెట్టాడు.

రిటైరయ్యే రోజున ఆఫీసువాళ్లు ఏమిస్తారని అడిగావు. ఇంకా రెండు నెలలుంది. గోడ గడియారం అని వినికిడి. ముప్పై ఏడేళ్లు టైముకి వెళ్లినవాడికి, ఇక వెళ్లక్కర్లేని రోజున గడియారం ఇవ్వడం మా శాఖలో మర్యాద.

ఇక మూడోది. "మా వీధిలో ఇళ్ల ధరలు ఎలా ఉన్నాయి నాన్నా? ఊరికే అడుగుతున్నాను" అని చివర్లో, సంతకం పెట్టే ముందు, సన్నటి అక్షరాలతో రాశావు. చిన్నారీ, ఊరికే ఇంటి ధర అడిగిన మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. విసుక్కోకు. చిన్నప్పుడు కథ అడిగి, అసలు విషయానికి వచ్చేలోపు నిద్రపోయేదానివి. ఈసారి నిద్రపోకు.

నేను పదో తరగతితో ఫారాల కట్టలు మోసే పనిలో చేరానని నీకు తెలుసు. రికార్డు గదిలో పాత రిపోర్టుల మధ్య ఒక గణాంక శాస్త్రం పుస్తకం దొరికింది. చివరి నలభై పేజీలు చెదలు తినేశాయి. మిగిలిందంతా మూడేళ్లపాటు నమిలి మింగాను. అంచేత ఆ శాస్త్రంలో నాకు తెలియనిది ఆ నలభై పేజీలే. నా కథలన్నిటి ముగింపులూ వాటిలోనే పోయాయని మీ అమ్మ నమ్మకం. మొత్తానికి ఆ చదువుతోనే ఒక్కో మెట్టూ ఎక్కి, ఇళ్ల సర్వేకి పెద్దనయ్యాను.

మేం చేసే పని ఇంతే. మూడు నెలలకోసారి ఊరూరా కొన్ని ఇళ్లు చీటీ తీసినట్టు తీస్తాం. మా మనుషులు వెళ్లి తలుపు తడతారు. ఇల్లు సొంతమా, అద్దెదా? అప్పు మీద కొన్నారా? నెలనెలా వాయిదా కడుతున్నారా, తప్పిందా? ఆ జవాబులు కూడితే, ఇంటి అప్పు తీసుకున్న ప్రతి వందమందిలో ఎందరు వాయిదా తప్పుతున్నారో తేలుతుంది. బ్యాంకులూ, ప్రభుత్వమూ ఆ అంకె చూసుకుని నడుస్తాయి.

పద్నాలుగేళ్ల క్రితం వరకు తాళం వేసిన ఇళ్లు మా ప్రాణం తీసేవి. ఒక్క తాళం కోసం నెలల తరబడి పట్టిక ఆగేది. అప్పుడు నేనొక నియమం రాశాను. మూడుసార్లు వెళ్లినా తాళమే ఉంటే, "నివాసం లేదు" అని రాసి పక్కింటికి వెళ్లండి. ఒక్క వాక్యం. పట్టికలు టైముకి రావడం మొదలుపెట్టాయి. నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ డబ్బుతో నీకు సైకిలు కొన్నాను, గుర్తుందా? ఎర్రది.

దీని మీద నాతో పేచీ పెట్టింది ఒక్కరే, మా గొడుగు మేడం. ఎండైనా వానైనా గొడుగు లేకుండా వీధిలోకి రాదు, అది కుక్కల కోసమంటుంది. ఏ ఊరు పంపినా వెళుతుంది. ఫారం మార్జిన్లో తనకు తోచిందల్లా రాసే అలవాటు. మార్జిన్లో రాసినదానికి కోడు లేదు కాబట్టి నేను రబ్బరుతో చెరిపేసేవాణ్ణి. అందుకే ఆఫీసులో నా పేరు రబ్బరు మాస్టారు.

"మాస్టారూ, ఒక మాట అడగనా?" అంది ఒకసారి. "మనుషుల్లేని ఇంటి తీగ మీద తడి బట్టలుంటాయా?"

"తడి బట్టలకి మన దగ్గర గడి లేదమ్మా" అన్నాను.

"అయితే గడి పెట్టండి. మీరు పెట్టకపోతే ఎవరు పెడతారు?"

"పెడితే నీ గొడుక్కీ ఒకటి పెట్టాలి."

గదిలో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నాలుగు వారాల క్రితం ఈ సర్వే ఫారాలు వచ్చాయి. ఈసారి మీ ఊరు గొడుగు మేడం వంతు. నా అలవాటు కొద్దీ రబ్బరు చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే తిప్పుతున్నాను. ఫారం మీద పేర్లుండవు, తలుపు నంబరూ వీధీ ఉంటాయి. ఒక నంబరు దగ్గర చెయ్యి ఆగింది. పద్దెనిమిది నెలలుగా ప్రతి కవరు మీదా నా చేత్తో రాస్తున్న నంబరు.

నివాసం లేదు, అని ఉంది.

సొంతవాళ్ల ఇళ్ల ఫారం కంటపడితే చదవకుండా పక్కవాడికిచ్చేయాలని రూలు. ముప్పై ఏడేళ్లలో ఆఫీసు కాగితంలోది ఒక్క ముక్క ఇంటికి తేలేదు. ఆరోజు చదివాను. మార్జిన్ కూడా చదివాను. "మొదటిసారి పదింటికి, తర్వాత రెండింటికి, మూడోసారి నాలుగున్నరకి. తాళం. తీగ మీద చిన్నపిల్ల బడి గౌను, మూడు రోజులూ అదే, మూడు రోజులూ తడి. ఎదురు కొట్టు దర్జీ చెప్పినది: భర్త తెల్లవారకముందే పోతాడు, భార్య రెండు చోట్ల పనిచేస్తుంది, పాప బడి నుంచి వచ్చి ఇక్కడే కూర్చుంటుంది. నివాసం ఉంది మాస్టారూ."

ఆ ఫారానికి ముందు వారమే నీ కిందటి ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నాలు నిద్రపోయి ఒళ్లొచ్చిందని రాశావు. మీ అమ్మ అది రెండుసార్లు చదివించుకుని మురిసిపోయింది.

అర్థమైందా తల్లీ నేను చేసిన పని? వాయిదా కోసం ఇద్దరూ పొద్దస్తమానం బయట తిరిగే ఇల్లు పగలు తాళం వేసే ఉంటుంది. మా వాళ్లు పగలే వెళతారు. అప్పుతో ఎక్కువ నలిగేవాళ్లెవరో సరిగ్గా వాళ్లే లేరని రాయించాను, పద్నాలుగేళ్లు. తలుపు తీయనివాళ్లను ఏం చేయాలో చెదలు తిన్న పేజీల్లో ఉండే ఉంటుంది.

ఇప్పుడు అసలుది చెబుతాను, కుర్చీలోంచి లేవకుండా. ఇల్లు కొనే ముందు నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు. అల్లుడు అద్దెకే ఉందామన్నాడు. "వందకి ముగ్గురే తప్పుతున్నారమ్మా, భయపడాల్సింది లేదు, కొనండి" అన్నాను. పట్టిక కూడా చూపించాను. ఆ మూడు నా నియమం పుట్టించిన మూడు. నువ్వు నమ్మింది అంకెను కాదు, నన్ను. అల్లుడు ఇవాళ్టిదాకా ఆ మాట ఎత్తలేదంటే అది అతని మంచితనం.

మర్నాడు ఫారం పక్కవాడికి ఇచ్చేసి, డైరెక్టరు గారి గదికి వెళ్లాను. అది నా కూతురి ఇల్లనీ, ఫారం చదివాననీ ముందే చెప్పేసి, తాళం నియమం మార్చమన్నాను. ఆయన నాకంటే పాతికేళ్లు చిన్న, ఆ నలభై పేజీలూ చదివిన మనిషి.

"పద్నాలుగేళ్లుగా ఇలాగే నడుస్తోంది కదండీ మాస్టారూ" అన్నాడు.

"తప్పు నడుస్తోంది సార్. నడక నేర్పింది నేనే."

"రెండు నెలల్లో హాయిగా ఇంటికి వెళ్లిపోయేవారు. ఇప్పుడెందుకండీ ఈ గోల?"

"నాది అద్దెకొంప సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈమధ్య నా జోకులు ఎక్కడా పండటం లేదు.

"ఈ నియమం ఎవరిదని పైవాళ్లు అడుగుతారు."

"కింద సంతకం ఉంది. వెతుక్కోనక్కర్లేదు."

కాసేపు పెన్ను టకటకలాడించి సరేనన్నాడు. ఈ ఊళ్లో తాళం వేసిన రెండొందల ఇళ్లకు సాయంత్రం ఏడు దాటాక మళ్లీ మనుషుల్ని పంపాం. నూట నలభై ఇళ్లలో మనుషులున్నారు. అప్పున్న ప్రతి నలుగురిలో ఒకరు వాయిదా తప్పారు. శుక్రవారం పట్టికతో పాటు కింద ఆ సంగతీ, పాత అంకెలు నమ్మదగినవి కావన్న మాటా అచ్చయ్యాయి. నా నియమం కొట్టేశారు. ఇక మిగతా ఊళ్లలో తాళం వేసిన ఇళ్లకూ సాయంత్రాలే వెళతారు. గడియారం సంగతి ఇప్పుడు అనుమానమే.

మీ ఇంటి ధర ఎంతని మాత్రం చెప్పను. ఒక అంకె చెప్పి నిన్ను అక్కడికి పంపాను, ఇంకో అంకె చెప్పి రోడ్డు మీదికి పంపలేను. అమ్మడమా, వాయిదాలు తగ్గించమని బ్యాంకును అడగడమా, నలుగురం కాగితాలు ముందేసుకుని తేలుద్దాం. రిటైరయ్యాక వచ్చే డబ్బుతో రెండు గదులు కొనుక్కుందామనుకున్న మాట నిజమే. అదీ ఆ కాగితాల పక్కనే పెడదాం. నువ్వు వద్దంటావని తెలుసు. నీ ఆ అలవాటు నాదే.

వచ్చే బుధవారం సాయంత్రం ఏడున్నరకి మీ తలుపు ఎవరైనా తడితే, గొడుగున్నావిడైతే లోపలికి పిలువు. వాయిదా తప్పిందా అని అడుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పు. నా పరువు గురించి ఆలోచించకు, ఆవిడకి నువ్వెవరో తెలియదు, ఆ గంట నేను బజారుకెళతాను. మార్జిన్లో ఏదో ఒకటి రాస్తుంది, రాయనీ. నా రబ్బరు ఆవిడకే ఇచ్చేశాను. ఏం చేసుకోమంటారని అడిగింది.

నిన్న మీ అమ్మకి అంతా చెప్పాను. అటక మీద నుంచి సంచీ దింపమంది. "నీ మోకాలో?" అన్నాను. "మోకాలు నాది, నేను చూసుకుంటాను. తాళంచెవి ఎక్కడ పెడతారో అడగండి" అంది.

అంచేత చిన్నారీ, మంగళవారం మధ్యాహ్నం బస్సుకి ఇద్దరం వస్తున్నాం. కంటి ఆపరేషన్‌కి పెట్టిన సెలవు నాకు ఇంకో పది రోజులుంది. మీ అమ్మ ఎన్నాళ్లుంటుందో ఆవిడా మోకాలూ తేల్చుకుంటారు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చోకు, ఆ సమయానికి మీరుండరని నాకు తెలుసు. తాళంచెవి దర్జీ దగ్గర ఉంచు. పాపకు చెప్పు, ఆరోజు బడి నుంచి వచ్చి కొట్లో కూర్చోవద్దని. తలుపు తీసే ఉంటుంది.

ఇట్లు,
మీ నాన్న