పదకొండు మంది కొట్టిన చెట్టు

జకొపానే, డిసెంబరు 14

వీక్తా, నా దగ్గు కాస్త నెమ్మదించింది, కంగారుపడి ఇక్కడికి బయలుదేరకు.

నిన్న ఈ క్షయ ఆసుపత్రి వెనక అడవిలో క్రిస్మస్ చెట్టు కొట్టాం. కొండవాడినని గొడ్డలి నా చేతికిచ్చారు. మన ఇంటి దగ్గరైతే మూడు వేట్లకు పడేసే చెట్టే. మొదటి వేటుకే ఊపిరందక మంచులో కూలబడ్డాను. పక్క మంచం వాలెంటీ గొడ్డలి అందుకుని, “కూర్చో అన్నా, నీ వంతు అయిపోయింది. మా పదిమందివీ కలిపితే ఒక మనిషి ఊపిరి అవుతుందిలే,” అన్నాడు.  దగ్గుకుంటూ తలా ఒక వేటు వేసి పడగొట్టారు.

గదికి పొడుగైందని కొన కోసి నాకే ఇచ్చారు. ఏటా పండగ వెళ్ళాక చెట్టు కొనతో నీకు కవ్వం చెక్కేవాణ్ణి కదా, ఈసారి ముందే చెక్కేశాను. వాలెంటీ భార్య తెచ్చిస్తుంది. కొన చుట్టూ కొమ్మలు నాలుగే ఉన్నాయి, అందుకే కవ్వానికి పుల్లలు నాలుగే వచ్చాయి, సర్దుకో.

ఆవు ఈనిందా? పొయ్యి గొట్టంలో మసి దులిపించావా?

మన ఇంటి పండగ చెట్టు కొట్టడానికి మీ అన్నని పిలవకు, తాగి వస్తాడు. మన అమ్మాయి యాగ్నా కొడుతుంది. ఆడవాళ్ళు ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదన్నది మా నాన్న పెట్టిన కట్టడి, నేను తీసేస్తున్నాను. పిల్లకు నా దీవెనలు చెప్పు.

గొడ్డలి కామ నా చేతి కొలతకు పెట్టించింది, యాగ్నాకు పొడుగవుతుంది. జానెడు కోయించు. కోశాక మళ్ళీ అతకదని నాకు తెలుసు. అయినా కోయించు.

షిమోన్