శాటిలైటు కంటపడ్డ చేను

అక్టోబరు 27, 2025. సోమవారం. తిరుపతి

భారత ఆర్థికశాస్త్రానికి, దక్షిణ రాయలసీమ అభివృద్ధికి, రాబోయే తరాల పీహెచ్‌డీ విద్యార్థులకు ముందుగానే నా సాష్టాంగ క్షమాపణలు. ఈ పుటల్లో ఒక గొప్ప పరిశోధన నా చేతుల్లో నాశనం కాబోతోందని నా మనసు చెప్తోంది. ఎంఏ ఎకనామిక్స్ చదివి, యోగానంద సార్ దగ్గర రీసెర్చ్ అసోసియేట్‌గా చేరి ఏడాది దాటింది. ఇంతవరకు దేశాన్ని నేను ముందుకు నెట్టింది లేదు. వెనక్కి లాగానని చెప్పడానికీ ఆధారాల్లేవు. ఇక మీదట ఉంటాయి.

సార్ ఈరోజు నన్ను పిలిచి కంప్యూటర్లో ఒక నల్లటి బొమ్మ చూపించారు. అర్ధరాత్రి దాటాక శాటిలైటు తీసిన మన ప్రాంతం. తిరుపతి పెళ్లివారి ఇల్లులా మెరిసిపోతోంది. చిత్తూరు దాటి హైవే పొడుగునా చుక్కలు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజన్ అయిపోయి కునుకు తీస్తున్నాయి. ఘాట్ ఎక్కితే పలమనేరు. దాని పక్కన, నిరుడు కటిక చీకటిగా ఉన్న చోట, ఈ ఏడు ఒక వెలుగు.

సార్ ఆ వెలుగు మీద వేలు పెట్టి గుళ్లో ఉన్నట్టు గొంతు తగ్గించారు. రాత్రిపూట వెలుగు పెరిగిందంటే ఆ ప్రాంతం ఎదిగినట్టేనని శాస్త్రం. మా హాస్టల్ బాత్రూంలో పగలూ రాత్రీ వెలిగే బల్బు సంగతి చెప్పబోయి మానుకున్నాను.

అక్కడ ఏదో ఫ్యాక్టరీ వచ్చింది అమర్, వెళ్లి కనుక్కో, డిసెంబర్లో విజయవాడ సెమినార్, పేపర్ మీద నీ పేరు కూడా వేస్తాను అన్నారు.

అమర్‌నాథ్ అనే పేరు రేషన్ కార్డు తర్వాత మళ్లీ ప్రింటులో పడబోతోంది. నాయనకు ఫోన్ చేసి చెప్పాను. జీతం పెంచుతారంటనా అని అడిగాడు. ఆయనలో పరిశోధనాదృష్టి లేదు.

అక్టోబరు 29. సాయంత్రం 4. సిద్ధప్పకొత్తూరు

మూడు బస్సులు, ఒక ఆటో. ఫ్యాక్టరీ లేదు. గొట్టం లేదు, గేటు లేదు, గేటు ముందు కాంట్రాక్టు కార్మికుల ధర్నా కూడా లేదు. టీకొట్టు ఆవిడ మాత్రం, యాడుండాది సామీ ఫ్యాక్టరీ, నాకూ చెప్పు, మావోణ్ణి ఆడ పన్లో పెడతా అంది.

ఊరి బయట ఒక వాలు మొత్తం మోకాలెత్తు మొక్కలు. పైన అడ్డంగా నిలువుగా తీగలు, తీగలకు బల్బులు. చేను గట్టు మీద ఎల్లప్ప అనే ఆయన కూర్చుని ఉన్నాడు. ఎవరి పెళ్లన్నా అని అడిగాను. పెండ్లి కాదప్పా, చామంతులకి నిద్ర పట్టకుండా చేసే పని అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అదే రోజు. రాత్రి 7

బల్బులు వేశారు. ఇప్పుడేమీ రాయలేను.

అక్టోబరు 30

రాత్రంతా ఆ వెలుగు కళ్లలోనే ఉంది. ఇప్పుడు ప్రయత్నిస్తాను.

చీకటి పడింది. కొండలు పోయాయి, ఊరు పోయింది. ఎల్లప్ప భార్య చంద్రకాంతమ్మ షెడ్డులోకి వెళ్లింది. టక్ మని చప్పుడైంది. వాలు మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది. ఒక్కో ఆకు అంచు కనపడుతోంది. అంత పచ్చదనం పగలు కూడా లేదు. పైన పురుగులు, కింద నీడలు, నడుమ వేలకు వేల మొక్కలు మేలుకుని ఉన్నాయి. నేను ఏళ్లుగా ఉంటున్నది తిరుపతిలో. బ్రహ్మోత్సవాల లైటింగ్ చూసినవాణ్ణి. నోరు మూసుకోవడం మరిచిపోయానని, అందులోకి ఒక పురుగు దూరాక తెలిసింది.

సంగతేమిటంటే, రాత్రి పొడుగైతే చామంతి మొగ్గ కడుతుందట. చలికాలంలో రాత్రులన్నీ పొడుగే కాబట్టి అందరి చేలూ ఒకేసారి పూస్తాయి, అడిగే దిక్కుండదు. ఎల్లప్ప పొద్దు గూకినప్పటి నుంచి రాత్రి రెండు దాకా బల్బులు వేసి మొక్కల్ని పగలని నమ్మిస్తున్నాడు. అవి మొగ్గ మాట మరిచి ఎదుగుతూ ఉంటాయి. వచ్చే నెలాఖరులో బల్బులు తీసేస్తాడు. మూఢం పోయి పెళ్లిళ్లు మొదలయ్యే వేళకు చేను విచ్చుకుంటుంది.

పంచాంగం చూసి పువ్వుకు డేటు ఇచ్చాడు! నేను ఎంఏలో సప్లయ్, డిమాండ్ గీతలు రెండూ స్కేలు పెట్టి గీశాను. అవి ఎక్కడ కలుస్తాయో ఈ గట్టు మీదే మొదటిసారి చూశాను.

నవంబరు 3. తిరుపతి

సార్‌కు చెప్పాను. ఫ్యాక్టరీ పోయిందని ఒక నిమిషం దిగులుపడ్డారు. రెండో నిమిషంలో కుర్చీలోంచి లేచారు. ఇది ఇంకా పెద్దది అమర్, రైతు చేసిన ఇన్నోవేషన్ ఆకాశం నుంచి కనపడుతోంది అన్నారు. మూడో నిమిషంలో మళ్లీ కూర్చున్నారు. ఆ వెలుగు చామంతులదేనని రుజువేది అని సెమినార్లో అడుగుతారు. పక్కన కొత్త లేఅవుట్ ఉండొచ్చు, క్వారీ ఉండొచ్చు. మూడు రాత్రులు బల్బులు ఆపాలి, శాటిలైటులో ఆ చుక్క ఆరిపోవాలి, అప్పుడే రుజువు.

మామూలుగా నాకు శాస్త్రీయ పద్ధతి అంటే గౌరవం. ఈరోజు ఆ గౌరవం కొంచెం తగ్గింది. మెస్ సాంబార్ మీద అనుమానం ఉంది.

నవంబరు 8. సిద్ధప్పకొత్తూరు

సార్ ఆజ్ఞ మీద ఊళ్లోనే గది తీసుకుని ఉంటున్నాను. పొద్దున ఊళ్లో సర్వే, సాయంత్రం గట్టు మీద తపస్సు. ఎల్లప్పన్న నన్ను శాటిలైటప్పా అంటున్నాడు. పైనుంచి మా చెడ్డీలు కూడా అగపడతాయా అని వాకబు చేశాడు. అంత క్లారిటీ లేదన్నా అని ధైర్యం చెప్పాను.

ఈరోజు అడిగేశాను. మూడు రాత్రులు.

పగలబడి నవ్వాడు. నేను తోడు నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఇప్పుడు చీకటి సూపిస్తే ఇవి మోకాలెత్తులోనే మొగ్గేస్తాయప్పా, చెట్టుకి నాలుగు పూలు, అవీ మూఢంలో, సచ్చినోడికి తప్ప ఎవురికి పనికొస్తాయి అన్నాడు. నేల కౌలుది. పోయినేడు పూలన్నీ ఆవులకే వేశాడు. ఈ చేను పోతే బెంగుళూరుకి పోయి ఏదో ఒక అపార్టుమెంటు గేటు కాడ నిలబడాల, మా పెతాపు ఇప్పుడే మాట్లాడి పెట్టినాడు కూడా అన్నాడు. ప్రతాప్ వాళ్లబ్బాయి, అక్కడ కంపెనీలో పనిచేస్తాడు.

చంద్రకాంతమ్మక్క మటుకు, గేటు కాడ ఈయన్ని పెడితే దొంగలే జాలిపడి ఏందన్నా ఇస్తారులే అంది. ముగ్గురం నవ్వాం.

నవంబరు 9

సార్ ఫోన్. నచ్చచెప్పు అన్నారు. సరే సార్ అన్నాను. ఎవరికి నచ్చచెప్తానో మాత్రం చెప్పలేదు.

నవంబరు 18. మంగళవారం. మధ్యాహ్నం

తెల్లారేసరికి ఎల్లప్పన్న నడుం పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. కిడ్నీలో రాయి. పలమనేరులో చూసి తిరుపతికి పొమ్మన్నారు. అంబులెన్సు తలుపు దగ్గర చంద్రకాంతమ్మక్క షెడ్డు తాళం నా చేతిలో పెట్టింది. పెతాపు శుక్రారానికి గానీ రాలేడంట సామీ, మూడు పూటలు నువ్వే యెయ్యి, ఎట్లాగూ రోజూ నోరు తెరుసుకోని ఆడే కూసుంటావు గదా అంది. లోపలినుంచి ఎల్లప్పన్న అంత నొప్పిలోనూ, పొద్దు గూకినాక లేటు చేయొద్దప్పో అని కేకేశాడు.

ఈ సంగతి సార్‌కు ఎందుకు చెప్పానో నాకే తెలియదు. విశ్వాసపాత్రుడినైన ఉద్యోగిని కదా.

ఫోన్లో సార్ ఊపిరి వినిపించింది. మూడు రాత్రులు! అమావాస్య, చంద్రుడు కూడా సెలవు. మబ్బు లేదు. ఇంతకంటే దేవుడు ఏమిస్తాడు అమర్? సార్ చెడ్డవారు కారు. అగ్రికల్చర్ ప్రొఫెసర్‌ని కూడా అడిగారట. మూడు రాత్రులకు బహుశా ఏమీ కాదు అన్నారట.

బహుశా. ఒక చేను మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

నువ్వేమీ చేయనక్కర్లేదు, ఊరికే ఉండు చాలు అన్నారు సార్. నిజానికి ఊరికే ఉండటంలో నాకున్న అనుభవం ఈ జిల్లాలో ఎవరికీ లేదు.

అదే రోజు. సాయంత్రం 5:40

షెడ్డు ముందు కూర్చున్నాను. నిర్ణయం అయిపోయింది. వేయను. పేపర్ వస్తుంది, పేరు వస్తుంది, పాలసీ వస్తుంది. ఈ చామంతి పద్ధతికి ప్రభుత్వం ఏదైనా పథకం పెడితే వెయ్యి మంది ఎల్లప్పలు బాగుపడతారు. ఒక్కడికి బహుశా నష్టం, వెయ్యి మందికి బహుశా లాభం. లెక్క కుదిరింది.

ఎంఏ ఊరికే పోలేదు.

నవంబరు 19

నో కామెంట్స్.

నవంబరు 21. శుక్రవారం

సార్ ఫోన్. బొమ్మలు వచ్చాయట. మంగళ, బుధ, గురు. మూడు రాత్రులూ ఆ చుక్క వెలుగుతూనే ఉంది. ఎవరు వేశారు అని అరిచారు. ప్రజలు సార్, ప్రజాశక్తిని అంచనా వేయలేం సార్ అన్నాను. ఫోన్ పెట్టేశారు. పేపర్ మీద నా పేరు సంగతి అడగడానికి అది సరైన సమయం అనిపించలేదు.

మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. ఎల్లప్పన్న ఇంటికి పోలేదు. చేతికి ఆసుపత్రి పట్టీ, ఒక చేత్తో పంచె ఎత్తి పట్టుకుని నేరుగా చేలోకి దిగాడు. ఒక మొక్క చివురు వేళ్లతో విప్పి చూశాడు. పక్క సాలులో ఇంకొకటి. వాలు ఆ కొస దాకా పోయాడు. చంద్రకాంతమ్మక్క గట్టు మీదే నిలబడిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. నాకు సంగతి తెలిసినా సరే, బిగబట్టాను.

ఆ కొసన నిలబడి చెయ్యి ఊపాడు. ల్యా, యాడా మొగ్గ ల్యా, అని గాలిలో వినపడింది. వెనక్కి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, రాయి పడిపోయిందప్పా, సూస్తావా, డబ్బీలో పెట్టి ఇచ్చినారు అన్నాడు. చూశాను. అంత చిన్న రాయికి అంత కేక పెట్టాడా అనుకున్నాను.

నవంబరు 23. ఆదివారం

పొద్దు గూకే వేళకు సార్ స్వయంగా వచ్చారు. కారు దిగేటప్పుడు ముఖం మాడిన దోసెలా ఉంది. గట్టు దాకా నాకు పది అడుగుల దూరంలో నడిచారు. చంద్రకాంతమ్మక్క కాఫీ ఇస్తూ, మీ పిల్లోడు బంగారం సార్, మూడు పూటలూ టయానికి యేసినాడు, మా పెతాపు గూడా ఇంత బాద్దెతగా ఉండడు అంది. నన్ను పొగిడినవాళ్లు నా జీవితంలో తక్కువ. అందరూ ఇలాంటి సమయాల్లోనే పొగుడుతారు.

సార్ నావైపు తిరిగారు. నేను కాఫీలోకి చూశాను.

అప్పుడే ఎల్లప్పన్న షెడ్డులోకి పోయాడు. టక్.

సార్ చేతిలో గ్లాసు పక్కకు ఒరిగింది. కాఫీ చొక్కా మీద పడుతోంది. ఆయనకు తెలియలేదు. ఈయన పదిహేనేళ్లుగా రాత్రి వెలుగుల మీద పనిచేస్తున్నారు. మండలాల వారీగా, జిల్లాల వారీగా, దేశాల వారీగా చూశారు. అన్నీ పైనుంచే. చేను మధ్యకు నడిచి వెళ్లి, ఒక బల్బు కింద చెయ్యి పెట్టి, చేతి మీద పడ్డ వెలుగును చూసుకుంటూ నిలబడ్డారు. ఏం సార్, మా శాటిలైటప్ప మాదిరే ఉండారే మీరూ, నోట్లో పురుగు పడతాది అన్నాడు ఎల్లప్పన్న.

చేతి మీదినుంచి చూపు తిప్పకుండానే సార్ అడిగారు. మనమా అమర్, దీన్ని ఆర్పమన్నది?

మనమే సార్ అన్నాను.

నవంబరు 24

నిజం రాస్తున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసింది ఒక్కటే. స్విచ్ వేశాను.

ఎల్లప్పన్న గుర్తొచ్చి కాదు. న్యాయం గుర్తొచ్చి అసలే కాదు. మంగళవారం వేయకూడదనే కూర్చున్నాను. చీకటి పడింది. చేను కనపడకుండా పోయింది. ఇంకొక్కసారి చూడాలనిపించింది.